చెయ్యి బరువు

వెస్ట్‌మీడ్ ఆసుపత్రిలో ఎముకల వార్డు, మధ్యాహ్నం. మంచం మీద పదకొండో క్లాసు చదివే సృజన. పక్క కుర్చీలో మేనమామ శేషగిరి.

"మళ్లీ అను. నేను విన్నది నిజమేనా?"

"ఫోర్సెస్ చెప్పు మామయ్యా. శనివారం చెప్పాల్సిన క్లాసు."

"ఇప్పుడా? ఇక్కడా? కాలికి తాడు కట్టి, ఆ చివర బరువు వేలాడదీసి పడుకోబెడితే, నీకు ఫిజిక్సు కావాలా?"

"యెస్. ప్లీజ్."

"పొద్దున్నుంచీ ఒక్క ముక్క మాట్లాడలేదు. మీ నాన్నతో మాట్లాడలేదు. పాపం ఆ కౌన్సెలర్ పిల్ల వచ్చి కూచుంటే గోడకేసి చూశావు. ఇప్పుడు నోరు తెరిచావు కదా అని నేను సంబరపడబోతే, అడిగింది ఫిజిక్సా!"

"నువ్వు ఫిజిక్స్ టీచర్ కదా. నిన్ను ఇంకేం అడగాలి?"

"ఓసి నీ! అదీ నిజమేలే. ఆగాగు, నువ్వు తెలుగులో మాట్లాడుతున్నావేంటే?"

"మాట్లాడకూడదా?"

"మాట్లాడు తల్లీ, మాట్లాడు. నేనేదో తెలుగులో అడగడం, నువ్వు ఇంగ్లీషులో చెప్పడం, అలాగే పెరిగావు కదా. మీ అమ్మ ఎన్నిసార్లు..."

"ఎన్నిసార్లు ఏంటి?"

"ఏం లేదు. మంచినీళ్లు తాగుతావా?"

"వద్దు. అమ్మ ఎన్నిసార్లు ఏంటి మామయ్యా?"

"ఎన్నిసార్లు పోరిందీ అని. ఆదివారం ఆదివారం నిన్ను ఆ తెలుగు బడికి ఈడ్చుకెళ్లేది. నువ్వేమో 'ఐ అండర్‌స్టాండ్ ఎవ్రీథింగ్ అమ్మా' అనేదానివి. అర్థం కావడానికేముందే, కుక్కపిల్లకి కూడా అర్థమవుతుంది, నోరు తెరిచి ఒక్క ముక్క అనవే అని మొత్తుకునేది."

"యా. కుక్కపిల్ల అనేది."

"ఇప్పుడవన్నీ ఎందుకులే. రేపు పొద్దున్నే ఆపరేషను. కాసేపు కళ్లు మూసుకో."

"మూసుకుంటే బాలేదు. చెప్పు. ఫస్ట్ నుంచి చెప్పు."

"ఫోన్లో ఏదన్నా కామెడీ పెట్టనా? నాన్న వచ్చేదాకా?"

"నాన్న ఎక్కడికెళ్లాడు?"

"వస్తాడు."

"ఎక్కడికి అని అడిగాను."

"చీర ఇవ్వడానికి. ఆ ఫ్యూనరల్ వాళ్ల దగ్గరికి. వాళ్లే కడతారట, లేకపోతే మన ఆడవాళ్లెవరైనా వచ్చి కట్టచ్చట. నీకు ఆపరేషనయ్యి, చక్రాల కుర్చీలో కూచోవచ్చు అని డాక్టరు చెప్పాకే ఏదైనా. నువ్వు లేకుండా మీ అమ్మని ఎక్కడికీ పంపం. బావ నీకు మాటిచ్చాడు కదా."

"ఏ చీర?"

"నెమలిపింఛం రంగుది. నీ ఓణీల ఫంక్షనుకి కట్టుకుంది, చూడూ."

"ఓకే. ఆ చీర ఓకే. ఇప్పుడు ఫోర్సెస్."

"మొండిఘటం! అచ్చం మా అక్కే. పట్టిన పట్టు వదలదు. సరే, కదలకుండా విను. కదిలితే ఆ నర్సమ్మ తిట్టేది నన్నే."

"కదలను."

"బలం అంటే ఏంటి? తొయ్యడం, లాగడం. అంతే. పుస్తకాల్లో నానా చెత్తా రాస్తారు. తోపుడు, లాగుడు, ఈ రెండు తప్ప ఇంకోటి లేదు."

"పుష్ ఆర్ పుల్."

"ఆఁ. ఇక నా క్లాసులో రూలు ఒక్కటే. బలాన్ని బాణంలా గీస్తాం. గీశావంటే దానికి పేరుండాలి. ఎవరు తోస్తున్నారు? ఎవరు లాగుతున్నారు? పేరు చెప్పలేకపోయావా, ఆ బాణం లేదు. కొట్టెయ్. మార్కు కట్."

"ఎప్పుడూనా?"

"ఎప్పుడూను. గిరావీన్‌లో నేను ట్యూషన్ చెప్పే గరాజ్‌లో ముందు బెంచీలో కూచుంటాడే, రిషిగాడు, బంతిని పైకి విసిరారు, బంతి మీద బలాలు గియ్యరా అంటే, కిందికి ఒకటి గీసి, పైకి కూడా ఇంతలావు బాణం గీశాడు. ఇదెవర్రా అంటే 'మూమెంట్ ఫోర్స్ అంకుల్' అన్నాడు. మూమెంట్ ఫోర్స్ ఎవడ్రా, మీ తాతా? విసిరిన చెయ్యి వదిలేసింది కదరా, వదిలేసిన చెయ్యి ఇంకేం తోస్తుంది!"

"వదిలేస్తే ఇంక ఏమీ ఉండదా?"

"ఉండదు. తాకడం మానేసిందంటే దాని పని అయిపోయినట్టే. బంతి అలవాటుకొద్దీ కాసేపు పైకి పోతుంది, అంతే."

"ఓకే."

"అలా చూడకే. పాఠం వద్దంటే ఆపేస్తాను."

"ఆపకు. తర్వాత?"

"తర్వాత రకాలు. తాకి చేసేవి కొన్ని, తాకకుండా చేసేవి కొన్ని. తాకకుండా చేసేది నీ సిలబస్‌కి ఒకటే అనుకో, భూమి లాగడం. దాన్నే బరువంటాం. అది ఎప్పుడూ ఉంటుంది. కూచున్నా ఉంటుంది, నిద్రపోయినా ఉంటుంది."

"చనిపోయినా ఉంటుందా?"

"అదేం ప్రశ్నే?"

"ఉంటుందా, ఉండదా?"

"ఉంటుంది. భూమికి అవన్నీ తెలీవు."

"తాకి చేసేవి చెప్పు."

"వాటికి నీ కాలే చాలు. ఆ తాడు చూడు. చివర్లో బరువు వేలాడుతోంది, తాడు బిగుసుకుని నీ కాలిని అటు లాగుతోంది. అది టెన్షన్. మా రోజుల్లో తన్యత అనేవాళ్లం. ఇంకోటి, నువ్వు పరుపులోకి దిగబడిపోకుండా పరుపు నిన్ను పైకి తోస్తోంది. అది నార్మల్. మరి తాడు అటు లాగుతుంటే నువ్వు మంచం మీంచి జారిపోవేం?"

"ఫ్రిక్షన్."

"శభాష్! దుప్పటికీ నీకూ రాపిడి. దుప్పటి పట్టుకుని ఆపుతోంది నిన్ను. చూశావా, మంచం దిగకుండానే సగం చాప్టరు అయిపోయింది."

"ఇంకోటి ఉంది కదా. ఎవరైనా చేత్తో పుష్ చేస్తే."

"అది అప్లయిడ్ ఫోర్సు. మనిషి తలుచుకుని చేసే బలం. చెయ్యాలనుకుంటే ఉంటుంది, మానేస్తే పోతుంది."

"ఇప్పుడు డయాగ్రమ్."

"స్వేచ్ఛా వస్తు పటం! ఎంత అందమైన పేరో చూడు, మీ ఫ్రీ బాడీ డయాగ్రమ్‌కి. కాగితమేదీ? ఈ భోజనం కార్డు వెనక గీస్తాను. వెజిటేరియన్ అని ఇంత పెద్ద టిక్కు పెట్టించాను, పెట్టేది మాత్రం ఉడకబెట్టిన ఆలుగడ్డ. మా సృజనకి కారం కావాలయ్యా అంటే మిరియాలపొడి పొట్లం ఇచ్చాడు."

"మామయ్యా, డయాగ్రమ్."

"గీస్తున్నా. ఒక్క వస్తువునే తీసుకో. మిగతా లోకమంతా చెరిపెయ్. మంచం, గోడ, నర్సు, నేను, ఎవ్వరం ఉండకూడదు. దాని మీద పనిచేసే బాణాలు మాత్రమే. అది ఇతరుల మీద చేసేవి గీశావో, సున్నా. గ్లాసుతో మొదలుపెడదామా?"

"గ్లాసు వద్దు. నేనిస్తాను ప్రాబ్లం."

"అబ్బో! ఇవ్వు."

"ఒక పర్సన్ పడుకుని ఉన్నారు. పడుకుని, అంటే, వెనక్కి వాలి. వాళ్ల చెస్ట్ మీద ఇంకొకళ్ల చెయ్యి ఉంది."

"ఎవరి చెయ్యి?"

"ప్రాబ్లంలో పేర్లుంటాయా? సమ్‌వన్."

"సరే, ఎవరో ఒకరు. పడుకున్న మనిషి మీద, ఛాతీ దగ్గర, కిందికి బాణం గియ్యాలి. దాని పేరేంటి?"

"చెయ్యి బరువు."

"తప్పు! ప్రతివాడూ చేసే తప్పే. చేతి బరువు చేతి మీద పనిచేస్తుందే, నీ ఛాతీ మీద కాదు. భూమి చేతిని లాగుతోంది. ఛాతీకి తెలిసేది చెయ్యి తొయ్యడం, తాకి తొయ్యడం. అర్థమైందా?"

"కొంచెం."

"అందుకే చేతిని విడిగా తీసుకో. ఇదిగో, చెయ్యి. మిగతా మనిషిని చెరిపేశాను. దీని మీద ఏమేం ఉన్నాయి?"

"భూమి కిందికి. చెస్ట్ పైకి."

"చెయ్యి కదలట్లేదు గనక రెండూ సమానం. ఊరికే అలా పెట్టి ఉంచిన చేతికి ఇవి రెండే. మనిషి చెయ్యి ఎంతుంటుందీ, మూడు కిలోలు వేసుకో. ఇక్కడ అమ్మే మూడు లీటర్ల పాల డబ్బా లేదూ, అంత."

"నొక్కితే?"

"ఏంటి?"

"ఊరికే పెట్టడం కాదు, చేత్తో నొక్కితే?"

"అప్పుడు మూడో బాణం వస్తుంది. చెయ్యి గాల్లో ఉండదుగా, భుజానికి అతుక్కుని ఉంటుంది. మనిషి కండ బిగిస్తే అటునుంచి కిందికి తోపుడు వస్తుంది. ఛాతీ కూడా అంతకంత పైకి తొయ్యాలి. కింద పడుకున్నవాళ్లకి పాల డబ్బా కంటే ఎక్కువ తెలుస్తుంది."

"మూడో బాణం పేరు?"

"నొక్కే మనిషి పేరు."

"పడుకున్న పర్సన్‌కి ఆ డిఫరెన్స్ తెలుస్తుందా? ఊరికే పెట్టిన చెయ్యికీ, నొక్కే చెయ్యికీ?"

"తెలీకేం? బరువు మారదు, పెట్టినది పెట్టినట్టే ఉంటుంది. నొక్కే చెయ్యి అలా ఉండదు, ఎక్కువవుతుంది, తగ్గుతుంది. ఈ ప్రాబ్లం ఏ పుస్తకంలో ఉందే? ఎవరిచ్చారు నీకు?"

"ఎవరూ ఇవ్వలేదు."

"సృజనా."

"మూడో బాణం ఉంది మామయ్యా. కారు ఆగిపోయాక కూడా ఉంది."

"ఏ కారు? ఏం మాట్లాడుతున్నావు?"

"అమ్మ చెయ్యి."

"నీళ్లు తాగు. ఇదిగో, స్ట్రా. ఒక్క గుక్క తాగు తల్లీ."

"నాకొద్దు. బ్రేక్ వేస్తే అమ్మ ఎప్పుడూ నాకు అడ్డంగా చెయ్యి పెడుతుంది కదా. నీకు తెలుసు కదా."

"నాకు తెలీకపోవడమేంటే, డ్రైవింగ్ నేర్పింది నేనే. అక్కా, రెండు చేతులూ స్టీరింగ్ మీద పెట్టవే అని గొంతు పోయేలా అరిచేవాణ్ణి. నువ్వేమో వెనక బేబీ సీట్లో ఉండేదానివి, అయినా పక్క సీటుకి అడ్డంగా చెయ్యి పోయేది. మొదటి టెస్టులో ఏం చేసిందో తెలుసా?"

"తెలుసు. ఆ టెస్ట్ ఆయన."

"ఆ తెల్లాయన బ్రేకు వెయ్యమన్నాడు. వేసింది. వేసి, ఆయన ఛాతీకి అడ్డంగా చెయ్యి పెట్టింది! ఆయన బిక్కచచ్చిపోయి, 'మేడమ్, ఐ యామ్ ఆల్‌రైట్' అన్నాట్ట. ఫెయిల్. బయటికొచ్చి నన్నే తిట్టింది, ఏరా శేషూ, మనిషి ముందుకు పడిపోతుంటే చూస్తూ కూచోమంటావా అని."

"'పాపం ఎవరో పెద్దాయన' అంది."

"'పాపం పెద్దాయన' అంది! ఆయనకి మహా అయితే ముప్పై ఏళ్లుంటాయి. నవ్వకే, కాలు కదులుతుంది."

"నువ్వే నవ్వుతున్నావు."

"నేను నవ్వట్లేదే. నేను నవ్వట్లేదు."

"ఏడవకు మామయ్యా."

"లేదులే. చెప్పు. ఆ రోజు కూడా పెట్టిందా?"

"ఆ యూట్ ట్రక్కు రెడ్ లైట్‌లో వచ్చేసింది. నేను ఫోన్ చూస్తున్నాను, నాకు తెలీదు. ఫస్ట్ అమ్మ చెయ్యి తగిలింది, తర్వాత సౌండ్. నా సీటు వెనక్కి విరిగిపోయింది. పడుకున్నట్టు ఉన్నాను. కారు ఆగిపోయింది. హారన్ ఆగట్లేదు. అమ్మ చెయ్యి ఇక్కడ ఉంది."

"అది పడిపోయిన చెయ్యే నాన్నా. అలా చాచింది, అలాగే ఉండిపోయింది. అక్క అప్పటికే, అక్కడికక్కడే పోయింది. నొప్పి కూడా తెలీలేదు. నీకు చెప్పారుగా."

"ఎవరు చెప్పారు?"

"అందరూ చెప్పారు."

"అందరూ పేరు కాదు. ఎవరు?"

"మీ నాన్న చెప్పలేదూ?"

"నాన్నకి ఎవరు చెప్పారు?"

"డాక్టర్లు చెప్పి ఉంటారు."

"ఏ డాక్టర్?"

"ఏమే, పోలీసోళ్లలా ఆరాలేంటి నీకు! చిన్నపిల్లవి, చిన్నపిల్లలా ఉండు."

"పేరు లేకపోతే బాణం లేదు అన్నావు. కొట్టెయ్ అన్నావు."

"అది పాఠం. పాఠం వేరు, ఇది వేరు."

"మామయ్యా. ఎవరు చెప్పారు?"

"నేను! నేనే చెప్పాను, చాలా? మీ నాన్న అదిగో ఆ కింద కారిడార్లో నేల మీద కూలబడిపోయి, నా ప్యాంటు పట్టుకుని, 'శేషూ, సత్య బాధపడిందా? నన్ను పిలిచిందా?' అని అడుగుతున్నాడు. నాకేం తెలుసే? నేనక్కడున్నానా? లేదు బావా, అక్కడికక్కడే, తెలియను కూడా తెలీలేదు అనేశాను. ఆ ఒక్క మాట పట్టుకుని నాలుగు మెతుకులు తింటున్నాడు. తెనాలికి ఫోన్ చేసిన ప్రతిసారీ అదే చెప్తున్నాడు. వాళ్లూ, పోనీలే, పుణ్యాత్మురాలు, సుఖంగా పోయింది అంటున్నారు. ఇంకేం చెయ్యమంటావు నన్ను?"

"అయితే నీకు తెలీదు."

"తెలీదు."

"నాకు తెలుసు. నొక్కింది. ఊపిరి రాలేదు నాకు, అంత గట్టిగా. కొంచెం తగ్గింది. మళ్లీ నొక్కింది. పాల డబ్బా కాదు మామయ్యా. చాలా ఎక్కువ."

"కారు ఒక పక్కకి ఒరుగుతూ ఉండి ఉంటుంది. ఒరిగితే బరువు అటు పడుతుంది. నీకు నొక్కినట్టు అనిపించి ఉంటుంది."

"కారు కదల్లేదు."

"డోరో, డ్యాష్‌బోర్డో చేతిని నొక్కి ఉంచిందేమో. చేతి మీద ఏదైనా పడి ఉండచ్చుగా."

"చేతి మీద ఏం లేదు. నేను చూస్తున్నాను కదా. గాజులు కూడా కనిపిస్తున్నాయి."

"మరి వేళ్లు? వేళ్లు ఎలా ఉన్నాయి?"

"నా స్వెటర్ పట్టుకుని ఉన్నాయి. ఇలా, గుప్పిట్లో. వదిలి, మళ్లీ పట్టుకుంది."

"వదిలి, మళ్లీ పట్టుకుందా?"

"రెండుసార్లు."

"సరే."

"ఏంటి సరే? చెప్పు. అది వెయిట్ ఆ, అప్లయిడ్ ఫోర్స్ ఆ?"

"భూమికి వేళ్లు లేవే తల్లీ. భూమి స్వెటర్లు పట్టుకోదు. బతికే ఉంది. అక్క బతికే ఉంది."

"థాంక్స్."

"థాంక్సేంటే! నా గుండె చెక్కలైపోతుంటే థాంక్సు చెప్తావేంటి. ఎంతసేపు? ఎంతసేపు అలా?"

"తెలీదు. తర్వాత ఆగిపోయింది. ఒక్కసారే ఆగిపోయింది. చెయ్యి అక్కడే ఉంది, కానీ రెండు బాణాలే. అంబులెన్స్ వాళ్లు వచ్చి తీసేదాకా రెండే."

"ఇన్ని రోజులూ ఇది కడుపులో పెట్టుకుని గోడకేసి చూస్తున్నావా నువ్వు? ఆ కౌన్సెలర్ పిల్లకి చెప్పచ్చు కదే. నాకు చెప్పచ్చు కదా."

"ఫస్ట్ కరెక్ట్‌గా తెలుసుకుందామని. నేను అనుకున్నది తప్పేమో అని."

"తప్పైతే బాగుండు."

"మామయ్యా, ఒక్కటే క్వశ్చన్. ఇది ఫిజిక్స్ కాదు. నొక్కుతున్నప్పుడు, ఆ పర్సన్‌కి వినిపిస్తుందా?"

"ఎందుకు?"

"వినిపిస్తుందా?"

"నువ్వేమైనా అన్నావా?"

"అన్నాను. తెలుగులో."

"తెలుగులోనా? నువ్వా?"

"ఫుల్ సెంటెన్స్. ఎందుకో తెలీదు, నోట్లోంచి అదే వచ్చింది. ఇంగ్లీష్ గుర్తు రాలేదు. అమ్మ విందా లేదా, అదొక్కటి చెప్పు."

"ఇదేం పరీక్షే నాకు! విందంటే, పాపం అంత నొప్పిలో మెలకువగా ఉన్నట్టు. మీ నాన్నకి నేను చెప్పిందంతా అబద్ధం. లేదు, నొప్పి తెలీలేదంటే, నీ మాట విననట్టు. ముందు చూస్తే నుయ్యి, వెనక చూస్తే గొయ్యి. ఎందులో పడమంటావు నన్ను?"

"కరెక్ట్ దాంట్లో."

"ఆగు, ఆలోచించనీ. ముందూ వెనకా సరిగ్గా చెప్పు. నొక్కుతోంది. అప్పుడు నువ్వు మాట్లాడావు. నువ్వు మాట్లాడేటప్పుడు నొక్కుతూనే ఉందా?"

"నొక్కుతూనే ఉంది."

"గట్టిగా అన్నావా, గొణిగావా?"

"గట్టిగా. హారన్ ఉంది కదా, గట్టిగా అన్నాను."

"అన్నాక ఏమైంది?"

"అన్నాకే ఆగిపోయింది."

"అన్నాక ఎంతసేపటికి?"

"వెంటనే."

"వెంటనేనా?"

"వెంటనే మామయ్యా."

"అయితే విన్నదే! ఇంకా సందేహమేంటి? విన్నది, ముమ్మాటికీ విన్నది! నీ పెదవి కదిలితే వినిపించేది మా అక్కకి, వంటింట్లో మిక్సీ తిరుగుతున్నా నువ్వు లేచిన చప్పుడు వినేది. నువ్వు మాట్లాడిన వెంటనే వదిలిందంటే, విని, ఆ విన్నదాంతో మనసు నిండి వదిలింది."

"నిజంగా అంటున్నావా? నాన్నకి చెప్పినట్టు చెప్తున్నావా?"

"ఒట్టు. ఆ వెంకటేశ్వరుడి మీద ఒట్టు. నీకు అబద్ధం చెప్పను. అన్నీ నువ్వే చెప్పావు, నేను కూడికలు వేశానంతే. చెయ్యి బతికి ఉంది, చెవి బతికి ఉంది, నువ్వన్నావు, అది విన్నది."

"విన్నది."

"విన్నది తల్లీ. ఎన్నేళ్లు ఎదురుచూసిందే దాని కోసం! పండగలకి అందరి పిల్లలూ మైకు ముందు పద్యాలు చెప్తుంటే, నువ్వు మూల ఫోన్ పట్టుకుని కూచుంటే, 'ఏదో ఒక రోజు మాట్లాడుతుందిరా శేషూ, దాని మాతృభాష ఎక్కడికి పోతుంది' అనేది నాతో. పోయే ముందు చెవిన పడిందే ఆ మాట! ఎంతమందికి దక్కుతుందే అది?"

"మామయ్యా, చాలు."

"చాలేంటి! నేను బావకి చెప్తాను. అక్కడికక్కడే కాదు బావా, నీ కూతురు తెలుగులో మాట్లాడితే, విని, హాయిగా వెళ్లిపోయింది, అని. దాని ముందు నేను చెప్పిన అబద్ధం ఎంత. తెనాలిలో అమ్మకీ చెప్తాను. ఆవిడ ఏడుపు ఆగట్లేదు, ఇది వింటే..."

"చెప్పకు."

"ఎందుకు చెప్పను? నీకు సిగ్గా? పిచ్చిపిల్లా, తప్పులున్నా ఫర్వాలేదే. వ్యాకరణం చూస్తుందా మీ అమ్మ?"

"తప్పులు లేవు."

"చూశావా! తప్పుల్లేకుండా అంది నా కోడలు! ఏమన్నావే? నా బంగారుతల్లి కదూ, మీ అమ్మ విన్నది నన్నూ విననీ. అలాగే, అదే మాట, ఒక్కసారి అను."

"'చెయ్యి తియ్యమ్మా, నొప్పిగా ఉంది' అన్నాను."